ఏ లెన్సు, ఎంత దూరము

ఛాయాచిత్రములను గూర్చి రేడియోలో ప్రసంగించుట వింతగానే ఉండును. బొమ్మ చూపుటకు వీలులేదు, మాటతోనే చూపవలెను. అయినను ఈ విషయమున మాటకు ఒక సౌకర్యము కలదు. బొమ్మను చూచువారు అందులోని కొండనో, కొంగనో చూతురుగాని, దానిని అట్లు చూపిన గాజుముక్కను తలపరు. నేటి ప్రసంగము ఆ గాజుముక్కను గూర్చినది.

మా కేంద్రమునకు వచ్చు మిత్రులలో కెమేరా పట్టినవారు పెక్కురు. వారందరును అడుగు ప్రశ్న ఒక్కటే: "ఏ లెన్సు కొనవలెను?" దుకాణమువారు దీనికి ధర చూపి సమాధానము చెప్పుదురు. పత్రికలవారు పట్టికలు వేసి చెప్పుదురు. మేము ఆ సమాధానమును ఊరి బయట వెదకుట మేలని తలచి, నాలుగు లెన్సులు సంచిలో వేసికొని దేవరాపల్లికి పోతిమి. ఒకమారు సంక్రాంతి వెళ్లిన వారములో, మరల చైత్రమాసములో.

దేవరాపల్లి చోడవరమునకు ఉత్తరముగా, తూర్పుకనుమల పాదమున ఉన్న ఊరు. విశాఖపట్నం జిల్లాలోనిదిగా మనకు అలవాటైన ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఊరికి చేరువను శారదానదికి అడ్డముగా కట్టిన రైవాడ జలాశయము కలదు. గట్టుమీద నిలిచి కొండలవైపు చూచినచో ముందు నీరు, నీటికవతల కొండలు, వాని వెనుక మరికొన్ని కొండలు, అన్నిటికిని వెనుక అనంతగిరి వైపునకు పోవు నీలిరేఖ. ఇటు తిరిగినచో కాలువలు, వరిమళ్లు, చెరకుతోటలు. ఒక్కచోట నిలిచి మెడ త్రిప్పినంతమాత్రమున కొండ, నీరు, పక్షి, పొలము, మనిషి అన్నియు దొరకును. లెన్సులను పరీక్షించుటకు ఇంతకంటె అనువైన చోటు మాకు తెలియదు.

మా సంచిలోని సరకు ఇది: 24 మిల్లీమీటర్ల విశాలదృష్టి లెన్సు, 50 మి.మీ.ల సాధారణ లెన్సు, 100 నుండి 400 మి.మీ.ల వరకు సాగు జూమ్ లెన్సు. ఇవిగాక ఒక మిత్రుడు ఎరువిచ్చిన 500 మి.మీ.ల పాత దర్పణ లెన్సు. ఇందులో కాంతి అద్దములపై పడి మడతపడి వచ్చును గనుక గొట్టము పొట్టిగా ఉండును. కెమేరా 36 మి.మీ.ల వెడల్పు చట్రము గల డిజిటల్ కెమేరా. ఈ మిల్లీమీటర్లేమని అడుగువారికి ఒక్కమాట. దూరపు వస్తువునుండి వచ్చు కిరణములను లెన్సు తనకు ఎంత దూరమున కూడగట్టునో ఆ దూరమునకు నాభ్యంతరమని పేరు. అది పెరిగినకొలది బొమ్మ పెద్దదగును, చూపు ఇరుకగును. ఇంతకు మించిన శాస్త్రము నేటికి అవసరములేదు.

మొదటి ఉదయము కొండలతో ప్రారంభించితిమి. 24 మి.మీ. లెన్సు తగిలించి గట్టుమీదినుండి ఒక బొమ్మ తీసితిమి. కంటికి ఆకాశమునంటుచున్న కొండ బొమ్మలో చీమలపుట్టయైనది. కాళ్లముందరి గట్టురాళ్లు మాత్రము ఏనుగులైనవి. అక్కడే నిలిచి జూమ్ లెన్సును 400 వరకు సాచి తీయగా కొండ గోడవలె లేచి, దాని మొదటనున్న గుడిసెలమీద పడబోవునట్లుండెను. రెండును ఆ కొండయే. రెండు బొమ్మలకు నడుమ మూడు నిమిషములైనను గడువలేదు.

విశాలదృష్టి లెన్సు కొండను దూరమునకు నెట్టుననియు, పొడుగు లెన్సు దగ్గరకు లాగుననియు అందరును అందురు. ఈ మాటలో సగమే నిజమని తేల్చుటకు గట్టు చివరనున్న ఒంటి తాటిచెట్టు మాకు ఉపకరించినది. చెట్టునకు 20 మీటర్ల దూరమున నిలిచి 50 మి.మీ. లెన్సుతో ఒక బొమ్మ తీసితిమి. పిదప 40 మీటర్లకు వెనుదీసి అదే లెన్సుతో మరొకటి. తాడు సగమైనది. కొన్ని కిలోమీటర్ల అవతలనున్న కొండకు మన ఇరువది మీటర్లు ఒక లెక్కలోనివి కావు. అది ఉన్నంతయే ఉండెను. తరువాత ఆ 40 మీటర్ల చోటనే నిలిచి 100 మి.మీ.లతో తీసితిమి. తాడు మొదటి బొమ్మలోని యెత్తునకు వచ్చినది, కొండ రెండింతలైనది. మొదటి బొమ్మను, ఈ మూడవదానిని ప్రక్కప్రక్కన పెట్టినచో తాడు రెంటను ఒక్కటే. కొండ మాత్రము ఒకదానిలో పిల్ల, ఒకదానిలో తల్లి.

అనగా వస్తువులకు పరస్పరము గల కొలతను మార్చునది మన కాళ్లు, లెన్సు కాదు. లెన్సు చేయు పని, ఆ చోటినుండి కనబడు దృశ్యములో ఎంత ముక్కను కోసి తేవలెనో నిర్ణయించుట. సందేహమున్నవారు 24 మి.మీ.ల బొమ్మలో నడిమి ముక్కను కంప్యూటరుమీద కోసి పెద్దది చేసి చూడవచ్చును. ఆ రాత్రి మేమును చేసి చూచితిమి. కొంత ముతకగా ఉన్నదే గాని, అదే చోటినుండి 400తో తీసిన బొమ్మకు అది జంటయే. అదే గోడ, అవే గుడిసెలు.

మరి ఈ బొమ్మలలో ఏది నిజమైన కొండ? గేదెలను తోలుకొని వచ్చిన కుర్రవాడొకడు మా వెనుక నిలిచి చాలసేపటినుండి చూచుచుండెను. కెమేరా వెనుకనున్న తెరమీద 400 మి.మీ.ల బొమ్మను చూపితిమి. "ఇదేటి బాబూ! మా కొండ ఇలగుండదు. మీద పడిపోతన్నట్టుంది" అనినాడు. విశాలదృష్టి బొమ్మను చూపితిమి. "ఇందల కొండేదీ?" అనినాడు. అతడే మమ్ము గట్టు దింపి, కాలువ దాటించి, తమ వీథి చివర రావిచెట్టు క్రిందికి తీసికొనిపోయి, "ఇక్కడ్నించి సూడండి" అనినాడు. ఆ చోటినుండి 50 మి.మీ. లెన్సుతో తీసిన బొమ్మను మాత్రము తనదిగా ఒప్పుకొన్నాడు. 50 మి.మీ. లెన్సు మానవనేత్రమువలె చూచునని పుస్తకములలో వ్రాయుదురు. అతడు మెచ్చినది లెన్సును కాదని మా అభిప్రాయము. ఆ చెట్టుక్రింద అతని ఊరివారు దినమునకు పదిమారులు నిలుతురు.

ఇది కేవలము చమత్కారముగా పోవు విషయము కాదు. రైవాడ నీరు కాలువద్వారా విశాఖపట్నమునకు పోయి నగరవాసుల దప్పి తీర్చుచున్నది. ఆ నీరు ముందుగా తమ పొలములకు దక్కవలెనని ఇచ్చటి రైతులు చాలకాలముగా కోరుచున్నారు. ఆ తగవును తీర్చుట మా పని కాదు. కాని నగరములో గోడకు తగిలించు జలాశయపు బొమ్మలో నీరు, కొండ, మేఘము ఉండును, మడి ఉండదు. పొడుగు లెన్సు దానిని చట్రమునకు వెలుపల విడిచిపెట్టినది. చూచువానికి ఆ నీరు ఎవరును అడుగని నీరువలె కనబడును. మేము ఆ దినము గట్టుమీదినుండి తీసిన బొమ్మలలో నీటిని, నీటికొరకు ఎదురుచూచు మడిని ఒక్క చట్రములో పెట్టగలిగినది 24 మి.మీ. లెన్సు మాత్రమే. అదియు గట్టు నడుమ నిలిచినపుడు కాదు. చివరనున్న మెట్టమీదికి ఎక్కినపుడే. కొండను చీమలపుట్ట చేసినదని ప్రొద్దుట విసుగుకొన్న లెన్సునే సాయంకాలము మెచ్చుకొంటిమి.

దుకాణపు ప్రశ్నలకును కొంత కాలము వెచ్చించితిమి. గట్టునకు పరచిన రాళ్లనే పరీక్షాపత్రముగా గ్రహించి, కెమేరాను ముక్కాలి స్టాండుమీద నిలిపి, ఒక్కొక్క లెన్సును దాని ద్వారము పూర్తిగా తెరచియు, క్రమముగా మూసియు బొమ్మలు తీసితిమి. పూర్తిగా తెరచినపుడు 24 మి.మీ. లెన్సు నడుమ రాళ్లను చెక్కినట్లు చూపి, మూలలందలి రాళ్లను నమలినట్లు చూపినది. ఎఫ్ 8 వరకు మూసినపుడు నడుమయు మూలయు కుదిరినవి. ఎఫ్ 22 వరకు మూసినచో మరల అంతటను కొంత మసక. ఇరుకైన రంధ్రములో దూరిన కాంతి అంచులయందు చెదరును; దీనిని వివర్తనమందురు; ఎంత వెలగల లెన్సుకైనను ఇది తప్పదు. నల్లని కొండనీడ ముందర ఎగిరిన తెల్లకొంగ రెక్క అంచున 50 మి.మీ. లెన్సు సన్నని ఊదాదారము కుట్టినది. రెండు మెట్లు మూసినంతనే అది పోయినది. దర్పణ లెన్సులో ఆ దారము కానరాలేదు, ఏలయన అద్దముపై పడి మరలు కాంతి రంగులుగా చీలదు. లెన్సుల గుణదోషములను గూర్చి దుకాణములయందు జరుగు వాదములలో చాలభాగము ఈ నాలుగు వాక్యములలో ఇముడును. గోడకు తగిలించు పరిమాణపు బొమ్మలో వీనిలో సగము కంటికి ఆనవు.

లెన్సు అనునది మొదట గాజు కాదు, గణితము. 1839లో దగేర్ తన ఛాయాగ్రహణ పద్ధతిని లోకమునకు వెల్లడించునాటికి లెన్సులు ఎంత మందముగా కాంతిని గ్రహించెడివనగా, బొమ్మకు కూర్చున్నవాడు నిమిషములకొలది కదలక బిగిసి ఉండవలసివచ్చెడిది. మరుసటి సంవత్సరమే వియన్నాలో పెట్జ్వాల్ అను గణితాచార్యుడు, ఫిరంగిదళమునుండి లెక్కలు తెలిసిన సైనికులను సహాయమునకు తీసికొని, కిరణముల మార్గములను కాగితముమీద గుణించి, అంతకు ఎన్నోరెట్లు వేగము గల లెన్సును రూపొందించెను. గుండు ఎక్కడ పడునో లెక్కకట్టుటకు నేర్చినవారు కిరణము ఎక్కడ పడునో లెక్కకట్టిరి. ఫిరంగులవలన లోకమునకు కలిగిన మేళ్లలో ఇదియొకటి. మరికొన్ని యున్నచో మాకు గుర్తులేవు.

దూరదృష్టి లెన్సు వచ్చుటకు మరి ఏబది యేండ్లు పట్టినది. 1891లో లండనులో డాల్మేయరు, జర్మనీలో స్టైన్‌హైల్, మీథే, ఒకరికొకరు చెప్పుకొనకయే ఇంచుమించు ఒక్కసారి దానిని కనిపెట్టిరి. అయినను అడవిలో పనికివచ్చునంత వేగము దానికి వెంటనే రాలేదు. అందుచేత ఇంగ్లండులో కియర్టన్ సోదరులు పక్షులను సమీపించుటకు 1900 ప్రాంతమున ఒక ఎద్దుతోలును బోలుగా కుట్టించి, దానిలో మనిషియు కెమేరాయు దూరి, మేయుచున్న పశువువలె మైదానమున నిలుచు ఉపాయము పన్నిరి. విన్నవారికి నవ్వు వచ్చును. కాని రైవాడ ఒడ్డున మేము కన్నులార చూచినది వారికి సాక్ష్యమిచ్చుచున్నది. మేము అరువది అడుగుల దూరమునకు రాకమునుపే లేచిపోయిన కొంగలు, ఆ కుర్రవాని గేదెల కాళ్లసందున తిరుగుచు పురుగులను ఏరుకొనుచుండెను. మా సంచిలోని ఏ లెన్సును గేదెతో పోటీకి నిలువదు.

మన దేశములో ఈ విద్యను స్మరించునపుడు మద్రాసు వాసి ఎం. కృష్ణన్‌గారిని విడువరాదు. 1950నుండి 1996లో మరణించువరకు కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతిని గూర్చి వ్రాసిన ఆ పెద్దమనిషి, వేరువేరు భాగములను కూర్చి తాను కట్టుకొన్న కెమేరాతో ఏనుగులను, దుప్పులను నలుపు తెలుపులలోనే చిత్రించెను. కొనుటకు దొరకునది తన పనికి చాలనపుడు తానే చేసికొనుట ఆయన పద్ధతి. వెలలు చూచి బెదరు మా యువమిత్రులకు ఈ మాట చెప్పుచుందుము.

చలికాలమున పక్షులకొరకు అచ్యుతాపురము చేరువనున్న కొండకర్ల ఆవకు పోతిమి. అచ్చట రెండు తాటిదోనెలను జతగా కట్టి పడవగా నడుపుదురు. కూర్చున్నవాడు తుమ్మినను అది ఊగును. ముక్కాలి స్టాండునకు అక్కడ పనిలేదు. ఊకతో నింపిన చిన్నసంచిని అంచుపై పెట్టి దానిమీద లెన్సును ఆనించితిమి. నాభ్యంతరము ఎంతయో, షట్టరు వేగము కనీసము సెకనులో అన్నవవంతు ఉండవలెనని పాత సూత్రము, 400 మి.మీ.లకు సెకనులో 400వ వంతు. దోనెలో ఆ సూత్రము చాలదు. 1000వ వంతునకు దిగినగాని నీటికాకి ముక్కు నిలువలేదు. కొత్త లెన్సులలో చేతివణకును సరిదిద్దు యంత్రము కలదు. అది మన వణకునకే గాని పక్షి కదలికకు మందు కాదు. దర్పణ లెన్సునకు ద్వారము మూయుట, తెరచుట లేవు. ఎఫ్ 8 యే దాని జన్మము. స్ఫుటతను చేతితో త్రిప్పి కుదుర్చుకొనవలెను. మేము త్రిప్పునంతలో పక్షి ఎగిరిపోయెడిది. ఐనను దాని బొమ్మలలో ఒక వింత కలదు: తామరాకులమీది నీటి మెరుపులన్నియు గుండ్రని గాజులుగా మారినవి. నడుమనున్న చిన్న అద్దము కాంతిని అడ్డుటవలన కలుగు లోపమది. మా బృందములోని సోదరి ఒకరికి ఆ గాజుల బొమ్మయే అన్నిటికంటె నచ్చినది.

పొడుగు లెన్సుకు లొంగని చోటులును కలవు. ఇచ్చటినుండి కనుమలలోనికి ఎక్కినచో దట్టమైన పొదలలో 400 మి.మీ. లెన్సు గ్రుడ్డిది. విశాఖపట్నమునకు చెందిన పక్షిశాస్త్రజ్ఞులు కె.ఎస్.ఆర్. కృష్ణరాజుగారు ఈ కనుమలలో పనిచేసినవారు. ఇచ్చటి పొదలలో తిరుగు బాబ్లరు జాతి చిన్నపిట్ట ఒకదానిని రిప్లీ, బీలర్ అను శాస్త్రజ్ఞులు 1985లో కొత్త ఉపజాతిగా వర్ణించి, దానికి ఆయన పేరే పెట్టిరి. ఆ పిట్టను కంటితోకంటె చెవితో వెదకవలెను. ఛాయాగ్రాహకులకు ఇది కష్టముగా ఉండవచ్చును. రేడియోవారలమైన మాకు కాదు.

చైత్రమాసమున దేవరాపల్లికి తిరిగి వచ్చునాటికి జలాశయము ఒడ్డులు బయటపడి, గులకరాళ్లు తేలియుండెను. ఆ రాళ్లనడుమ తీతువు నేలమీదనే గ్రుడ్లు పెట్టినది. దాని కూత అపశకునమని మనవారందురు; నిజమునకు అది పిల్లలుగల తల్లి కేక. గ్రుడ్లు నాలుగు. రాళ్లలో రాళ్లవలె నుండుటచే, కుర్రవాడు చూపినగాని మాకు కానరాలేదు. ఎండ ముదిరినకొలది తల్లిపక్షి నీటికిపోయి, రొమ్ము తడుపుకొని వచ్చి గ్రుడ్లమీద కూర్చుండి వానిని చల్లబరచును. అది లేచిన ప్రతి నిమిషమును గ్రుడ్లు ఉడుకుచుండును.

ఇక్కడ లెన్సుల లెక్క మరియొక రూపము తాల్చును. 400 మి.మీ. లెన్సు 40 మీటర్ల దూరమున 3.6 మీటర్ల వెడల్పు స్థలమును చట్రములో చూపును. ముప్పదిమూడు సెంటీమీటర్ల తీతువు అందులో పదునొకండవవంతు. అంతే పరిమాణపు బొమ్మ 50 మి.మీ. లెన్సుతో కావలెనన్నచో 5 మీటర్లకు పోవలెను. చేతిఫోనుతో ఐనచో ఇంకను దగ్గరకు. ఆ ముప్పదియైదు మీటర్ల తేడాయే గ్రుడ్లకు ప్రాణము. ఆ ఉదయము విహారమునకు వచ్చినవారు కొందరు ఫోనులు పట్టుకొని గ్రుడ్లవైపు నడచిరి. తీతువు నెత్తిమీద తిరుగుచు అరచుచుండెను. దాని అరపును వారు సలాముగా భావించి అదియు చిత్రించుకొనిరి. కుర్రవాడు గేదెలను అడ్డముగా తోలి వారిని మళ్లించినాడు. మేము చేయదలచిన ఉపన్యాసముకంటె అది శీఘ్రముగా పనిచేసినది. వన్యప్రాణి సంరక్షణకై 1972లో వచ్చిన శాసనము పక్షుల గ్రుడ్లను చెరచుటను, గూళ్లకు, గ్రుడ్లకు అలజడి కలిగించుటను వేట అను మాటలోనే చేర్చినది. తుపాకి పట్టినవాడే వేటగాడు కావలసిన పనిలేదు.

మా బృందములో ఒకరు, బొమ్మ చిన్నదగుచున్నది గదా, 1.4 రెట్లు పెంచు ఉపకటకమును తగిలింతమని సూచించిరి. తగిలించితిమి. నాభ్యంతరము 560 అయినది, కాంతి సగమైనది. తొమ్మిదిగంటల వరకు బాగుగనే ఉండెను. తరువాత రాళ్లు వేడెక్కి, గాలి నీరువలె పారుట మొదలిడినది. ఎండమావులు కల్పించు గాలియే అది. తీతువు ముక్కు వంకరలు తిరిగినది, కన్ను రెండైనది. లెన్సు మార్చితిమి, స్టాండు బిగించితిమి, వేగము పెంచితిమి, ప్రయోజనము లేదు. అక్కడ చెడినది గాజు కాదు, నడుమనున్న గాలి. లక్షరూపాయల లెన్సునకు కూడ మందు ఒక్కటే: తెల్లవారకముందు లేచుట.

"ఇంక కూకోండి బాబూ, ఎళ్లి దగ్గరగా సూడకండి. మీరు కదలకపోతే దానంతటదే వస్తాది" అని కుర్రవాడు చెప్పినాడు. మరునాడు అట్లే సూర్యోదయమునకు ముందే వచ్చి, 40 మీటర్ల దూరమున గట్టు నీడలో కూర్చుండితిమి. తల్లి వచ్చినది. రొమ్ము ఈకలనుండి నీరు కారుచున్నది. ఉపకటకము లేకయే, 400 మి.మీ.లకు, ద్వారము పూర్తిగా తెరచి, పదునేడు బొమ్మలు తీసితిమి. వానిలో నాలుగింటిలో నీటిచుక్క కనబడును. పక్షి చట్రములో పదునొకండవవంతే. మిగిలిన పదివంతులు గులకరాళ్లు, ఆవలి ఒడ్డున గేదెలు, వాని వెనుక మసకగా ఆ కొండ. కోసి పెద్దది చేయుమని మిత్రులు చెప్పిరిగాని మేము కోయలేదు.

దర్పణ లెన్సును ఎరువిచ్చిన మిత్రునకు, గాజుల బొమ్మను ఆ సోదరికి అందజేసితిమి. జూమ్ లెన్సు బరువునకు భుజము ఇంకను నొచ్చుచున్నది. వానలు పడి జలాశయము నిండినపుడు 24 మి.మీ. లెన్సు ఒక్కటే పట్టుకొని, ఆ మెట్టమీదికి మరల ఎక్కవలెనని యున్నది. అప్పటికి మళ్లలో ఊడ్పులు సాగుచుండును.